బావను కొట్టిన తర్వాత

బావ ఎడమ చేయి రెండో దెబ్బకు విరిగింది. తడిగుడ్డలో చుట్టిన కట్టెను మోకాలికి ఆనించి విరిచినట్టు వినిపించింది. మొదటి దెబ్బకు విరగలేదని చూసి, మళ్లీ సుత్తి ఎత్తి, అదే చోట గురిచూసి కొట్టాను. కోపంలో ఒళ్లు తెలియలేదని తర్వాత చాలామందికి చెప్పాను. అబద్ధం. ఎడమ చేయే విరగాలని నాకు బాగా తెలుసు. మా అక్కకు విరిగింది ఎడమ చేయి.

ఇది జరిగింది బహ్రెయిన్‌లో, మీనా సల్మాన్ రేవు పక్కన పడవలు బాగుచేసే ఒక షెడ్డులో. కువైట్ యుద్ధం ముగిసి రెండు మూడేళ్లయింది. మా ఊళ్లో మాత్రం నేను "దుబాయి పోయినోణ్ణి". సౌదీ అయినా మస్కట్ అయినా మావాళ్లకు అంతా దుబాయే. బావా నేనూ ఒకే ఏజెంటు ద్వారా వచ్చాం. అతను మా అక్క భర్త, నాకంటే ఆరేళ్లు పెద్ద. అరాద్‌లో విమానాశ్రయానికి దగ్గరగా ఉన్న క్యాంపులో ఇద్దరిదీ ఒకే గది. కింది మంచం అతనిది, పై మంచం నాది. నాకు వంట రాదు, అతనే వండిపెట్టేవాడు. నాకు జ్వరమొస్తే గంజి కాచి తాగించేవాడు. అతను చెడ్డవాడని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఆ ఏడు బావ రెండు నెలల సెలవు మీద ఇంటికి వెళ్లొచ్చాడు. అతను తిరిగొచ్చిన నెలకు పక్క ఊరివాడొకడు నాకు ఒక క్యాసెట్ తెచ్చిచ్చాడు. అప్పట్లో మాకు ఉత్తరాలకంటే క్యాసెట్లే ఎక్కువ. రాయడం రానివాళ్లు టేపురికార్డరు ముందు కూర్చుని చెప్పాల్సిందంతా చెప్పి, వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. ఇది నా భార్య మాట్లాడిన క్యాసెట్. శుక్రవారం సెలవు రోజు. బావ ఓవర్‌టైంకు షెడ్డుకు వెళ్లాడు. మధ్యాహ్నం అన్నం తిని, మంచం మీద పడుకుని విన్నాను.

మొదట వానల సంగతి, బర్రె ఈనిన సంగతి. తర్వాత ఆమె గొంతు తగ్గింది.

"అక్క ఎడమ చెయ్యి ఇరిగింది. జారి పడ్డ అని అందరికి చెప్పుకుంటున్నది. పడలే. మీ బావ రోకలితోని కొట్టిండు. సక్కగ అతుకలేదు, మడత వడ్తలేదు. బీడీలు చుట్టెతందుకు వస్తలేదు. నీకు చెప్పద్దని నాతోని ఒట్టు వెట్టించుకున్నది. గని నేను చెప్తున్న."

నేను చెప్పులు వేసుకుని రోడ్డు మీదికొచ్చి, దొరికిన పికప్ ఎక్కాను. వంతెన దాటుతుంటే సముద్రం గాలి కొడుతోంది. నా పక్కన కూర్చున్న పాకిస్తానీ డ్రైవరు "క్యా హువా భాయ్" అని రెండుసార్లు అడిగాడు.

షెడ్డులో ఒక పాత పడవను దుంగల మీద నిలబెట్టి ఉంచారు. దాని అడుగున బావ ముఖానికి గుడ్డ కట్టుకుని, వెల్లకిలా పడుకుని, సుత్తితో తుప్పు రాలగొడుతున్నాడు. కాళ్లు పట్టి బయటికి లాగాను. ఆటలాడుతున్నాననుకున్నట్టున్నాడు, గుడ్డ వెనక నవ్వాడు. అతని చేతిలోని సుత్తినే లాక్కున్నాను. చేయి విరిగాక సుత్తి పారేసి, దవడ మీద పిడికిలితో కొట్టాను. నోట్లోంచి రక్తం వస్తున్నా ఆపలేదు. అంతలో ఎవరో నన్ను వెనకనుంచి నడుం పట్టి పిల్లిని ఎత్తినట్టు ఎత్తి, ఇనుప పలకల మీదికి విసిరేశారు. ముఖం నేలకు కొట్టుకుని నా ముందు పళ్లు రెండు విరిగిపోయాయి.

అలా విసిరింది మా ఫోర్‌మన్. అంత పెద్ద మనిషిని నేను అంతకుముందు చూడలేదు. గోధుమరంగు ఒళ్లు, నెరిసిన జుట్టు. మొదట్లో ఫిలిప్పీన్స్ మనిషి అనుకున్నాం. ఒకసారి ఎవరో అడిగితే ఇనుప పలక మీద సుద్దతో పెద్ద సముద్రం గీసి, మధ్యలో ఎనిమిది చుక్కలు పెట్టాడు. "హవాయి," అన్నాడు. అంత నీళ్ల మధ్య మనుషులెలా బతుకుతారా అని ఆ రోజు అందరం నవ్వుకున్నాం.

ఆస్పత్రిలో బావ పరంజా మీంచి పడ్డానని చెప్పాడు. పోలీసు కేసయితే ఇద్దరం జైలుకు, అక్కడినుంచి విమానానికి. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఫోర్‌మన్ కాగితం మీద సంతకం చేసి, నోరు వాచిపోయి బల్ల మీద కూర్చున్న నా దగ్గరికొచ్చాడు. మా స్టోర్‌కీపరు కాకినాడ మనిషి, ఇంగ్లీషు తెలిసినవాడు. ఫోర్‌మన్ మాటల్ని మాకు తన తెలుగులో అందించేది అతనే.

"ఈ అబద్ధం కింద నా పేరు రాశానంటున్నాడయ్యా," అన్నాడు స్టోర్‌కీపరు. "అది ఊరికే పోదంట. ఆ చెయ్యి బాగయ్యేదాకా మీ బావ పనులన్నీ నువ్వే చెయ్యాలంట. ఆనక మీ ఇద్దరితో మాటాడతాడంట."

తర్వాత మూడు వారాలు నేను బావ లుంగీ ఉతికాను. పిండికట్టు తడవకుండా నీళ్లు పోశాను. దవడ నొప్పికి నమలలేకపోయేవాడు, అన్నం మెత్తగా ముద్దలు కలిపి పళ్లెంలో పెడితే తలవంచుకుని తినేవాడు. ముద్ద కలిపేటప్పుడు అందులో ఉమ్మాలని నాకు అనిపించేది. రెండుసార్లు ఉమ్మాను కూడా. ఒక ఉదయం ఇద్దరం డ్యూటీకి తయారవుతుంటే అతని బూటు తాడు కట్టడానికి వంగాను. అతను ఆ పిండికట్టు చేతినే ఎత్తి నా ముక్కు మీద కొట్టాడు. రాయితో కొట్టినట్టయింది. నేను మోకాళ్ల మీద కూలబడితే మళ్లీ కొట్టాడు. నా ముక్కు పక్కకు వంగింది. కట్టు చిట్లిపోయి, చేయి మళ్లీ కదిలి అతను కూడా అరుస్తూ కింద పడ్డాడు. గదిలో నేల మీద ఇద్దరి మధ్యా రక్తం, సున్నం ముక్కలు.

షెడ్డులో మా ముఖాలు చూసి ఫోర్‌మన్ ఒక్క మాటే అన్నాడు. "ఖలాస్." తర్వాత స్టోర్‌కీపరుతో ఏదో చెప్పాడు.

"శుక్రవారం పొద్దున్నే ఆయన ఇంటికి రావాలంట, ఇద్దరూ. వాళ్ల దేశంలో ఒకటుందంట, హోఒపోనోపోనో అని. అంటే సరిచెయ్యడం, తిన్నగా చెయ్యడం. ఇంట్లోవాళ్లు కొట్టుకు చస్తుంటే పెద్దవాళ్లు కూర్చోబెట్టి చేస్తారంట."

"మంత్రమా?" అన్నాడు బావ.

స్టోర్‌కీపరు అడిగి చెప్పాడు. "కాదంట. మంత్రమైతే తేలికంటున్నాడు."

ఫోర్‌మన్ ఇల్లు కూడా అరాద్‌లోనే, రెండు గదుల ఫ్లాటు. ముందు గదిలో సామాన్లన్నీ గోడకు జరిపి చాప పరిచాడు. వంటింట్లోంచి చేపల వాసన వస్తోంది. నలుగురం గుండ్రంగా కూర్చున్నాం. అతను ముందే చెప్పాడు, ఇది చేయించడానికి తమ దగ్గర నేర్చుకున్న పెద్దలుంటారని, తను అంతటివాడు కాదని. వాళ్ల అమ్మమ్మ చేయిస్తుంటే చూశాడు. ఒకసారి వాళ్ల నాన్న, బాబాయి చేపల వల దగ్గర కత్తులతో పొడుచుకుంటే, ఆవిడ ఇద్దరినీ మూడు రోజులు కూర్చోబెట్టిందట.

"మరి నువ్వు ఎవరితోనన్న కూసున్నవా?" అని అడిగాను.

అతను చాప వైపు చూస్తూ ఏదో చెప్పాడు. "తమ్ముడు కూర్చుందాం రమ్మని కబురు పెట్టాడంట," అన్నాడు స్టోర్‌కీపరు. "ఈయన వెళ్లలేదు. ఆ తమ్ముడు ఇప్పుడు లేడంట."

అతను తన భాషలో ప్రార్థన చేశాడు. మమ్మల్ని మా దేవుణ్ణి తలచుకోమన్నాడు. నేను కొండగట్టు అంజన్నను తలచుకున్నాను. తర్వాత కట్టుబాట్లు చెప్పాడు. మధ్యలో ఎవరూ లేచి వెళ్లకూడదు. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, ఏదైనా తనతోనే చెప్పాలి. తను చేయెత్తితే అందరూ నోరు మూసుకోవాలి. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు. ఇన్నేళ్లకు ఆ చివరి కట్టుబాటు తప్పుతున్నాను. బావ కిందటేడు పోయాడు, ఫోర్‌మన్ ఎక్కడున్నాడో తెలియదు. అక్కను, నా భార్యను అడిగాకే రాస్తున్నాను.

మొదట నన్నడిగాడు. నేను అక్క సంగతి చెప్పాను. చెబుతూ చెబుతూ బావ వైపు తిరిగి, "లంజకొడుకా, చంపేటోణ్ణి" అన్నాను. ఫోర్‌మన్ చేయెత్తాడు. ఒక విమానం మా నెత్తి మీదుగా దిగింది, కిటికీ అద్దాలు వణికాయి. అది పోయాక కూడా అతను చేయి దించలేదు. పది నిమిషాలు అయ్యుంటుంది.

తర్వాత బావనడిగాడు, నిజమేనా అని.

"నిజమే," అన్నాడు బావ, ఫోర్‌మన్‌ను చూస్తూ. "రోకలితోని కొట్టిన."

"ఎందుకు?"

బావ కళ్లు అటూ ఇటూ వెతకడం నేను చూశాను. "యాదికొస్తలేదు," అన్నాడు చివరికి. "ఏదో ఒకటి అన్నది. ఏమన్నదో యాదికొస్తలేదు. చెయ్యి అడ్డం వెట్టింది. నేను తలకాయ మీద కొట్టవోయిన. చెయ్యి అడ్డం వెట్టకపోతే సచ్చిపోయేది."

స్టోర్‌కీపరు ఇంగ్లీషులో చెప్పడం మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. నాకు లేచి బావ గొంతు పట్టుకోవాలనిపించింది. అప్పుడు బావ అన్నాడు:

"నన్నడిగినవ్ గదా. గీన్ని గూడ అడుగు. గీని పెండ్లానికి ఎడమ చెవు ఎందుకు ఇనస్తలేదో అడుగు."

"అది జరంతోని పోయింది," అన్నాను వెంటనే.

మా ఇంట్లో అందరూ అదే చెబుతారు. మా అమ్మ చెబుతుంది, నా భార్య కూడా ఎవరడిగినా అదే చెబుతుంది. చెప్పీ చెప్పీ నేను కూడా దాదాపు నమ్మాను. ఫోర్‌మన్ మళ్లీ చేయెత్తాడు. మళ్లీ ఆ నిశ్శబ్దం. వాళ్ల అమ్మమ్మ దీన్ని చిక్కుపడ్డ వల అనేదని ముందు చెప్పాడు. ఒక పోగు లాగితే కింద ఇంకోటి ఉంటుందట, కింది పోగు వచ్చేదాకా పైది ఊడదట. ఇంకో విమానం దిగింది.

"జరం గాదు," అన్నాను. "నేనే కొట్టిన."

పెళ్లయిన మొదటి ఏడు. నేను పొలం నుంచి వచ్చేసరికి ఆమె ఇంట్లో లేదు. పుట్టింటికి వెళ్లి, చీకటి పడకముందే వచ్చేసింది. నన్ను అడగకుండా వెళ్లింది, అంతే. తలుపు దగ్గరే అరచేత్తో చెవి మీద కొట్టాను. ఆమె తల గోడకు తగిలింది. చెవిలోంచి కొంచెం రక్తం వచ్చింది, ఆమె కొంగుతో తుడుచుకుని అన్నం వడ్డించింది. అప్పుడు బావ మా ఇంట్లోనే ఉన్నాడు. గడప మీద కూర్చుని చూశాడు. ఏమీ అనలేదు. ఇదంతా ఫోర్‌మన్‌తో చెప్పాను. ఇంకా ఎన్నిసార్లని అడిగాడు. తెలియదన్నాను. అది నిజమే, తెలియదు. అక్క చేయి కోసం మనిషిని చంపబోయినవాణ్ణి, నా చేతి లెక్క నాకు తెలియదు.

స్టోర్‌కీపరు అప్పుడు తలవంచుకుని, "నన్ను మాత్రం ఏమీ అడగొద్దండి," అన్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

మధ్యాహ్నం ప్రార్థనకు పిలుపు వినిపించే వేళకు మేమిద్దరం ఒకరినొకరు క్షమాపణ అడిగాం. చేయి విరగ్గొట్టినందుకు, అన్నంలో ఉమ్మినందుకు నేను. ముక్కు విరగ్గొట్టినందుకు అతను. ఉమ్మిన సంగతి విని బావ ముఖం మాడ్చుకున్నాడు, తర్వాత, "ఉప్పు ఎక్కువైందనుకున్న," అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "ఇడిసిపెట్టిన" అని ఇద్దరం అన్నాం. అలా అన్నాక దాన్ని తెగ్గొట్టినట్టేనని, మళ్లీ ఎప్పుడూ ఎత్తకూడదని ఫోర్‌మన్ చెప్పాడు.

"కానీ సగవే అయ్యిందంటున్నాడు," అన్నాడు స్టోర్‌కీపరు. "దెబ్బలు తిన్న ఇద్దరూ ఇక్కడ లేరు. వాళ్ల ముడి విప్పడం ఆయన చేతిలో లేదు, మీ చేతిలోనూ లేదంట. వాళ్లే విప్పాలి. ముందు మీరు వాళ్లకి చెప్పాలంట."

క్యాసెట్లో చెబుతామన్నాను. ఫోర్‌మన్ తన టేపురికార్డరు తెచ్చి చాప మధ్యలో పెట్టాడు. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు అక్కడే కూర్చుని వినాలన్నాడు. ఫోర్‌మన్‌కు చెప్పినప్పటికంటే ఆ తిరుగుతున్న చక్రాలకు చెప్పడం కష్టమైంది. తర్వాత అందరం కలిసి తిన్నాం. కొబ్బరిపాలతో వండిన చేపలు, తెల్లన్నం. అన్నం కలుపుతున్న నా చేతి వైపు బావ ఒకసారి చూశాడు.

జవాబులు రావడానికి మూడు నెలలు పట్టింది. అప్పటికి ఫోర్‌మన్ ఉద్యోగం మారి వేరే దేశం వెళ్లిపోయాడు. వెళ్లేముందు తన ముక్కును నా వంకర ముక్కుకు ఆనించి, ఊపిరి పీల్చి వదిలాడు. వాళ్ల పద్ధతి అది.

గదిలో బావా నేనూ కలిసే విన్నాం. ముందు నా భార్య గొంతు.

"ఇన్న. మల్ల మల్ల ఇన్న. నేను అక్క సంగతి చెప్పినప్పుడు, ఇనంగ ఇనంగ నీకు నా సంగతి గూడ యాదికొస్తదేమో అనుకున్న. అందుకే చెప్పిన. నువ్వు వొయ్యి ఆయన చెయ్యి ఇరగ్గొట్టినవ్." కొంతసేపు టేపు ఖాళీగా తిరిగింది. "టేపుల చెప్పుడు గాదు. వచ్చినంక నా ముంగట చెప్పు."

తర్వాత అక్క.

"ఇద్దరు కూసున్నరట. మాట్లాడుకున్నరట. చేపలు తిన్నరట. మంచిగున్నది. నేను లేకుంటనే అయిపోయిందా? నాకు పొద్దంత చెయ్యి గుంజుతది. నేను ఇడువ. ఇంటికి గూడ రాను. అమ్మ తాన్నే ఉంట."

బావ టేపురికార్డరును రెండు చేతులా ఎత్తి గోడకేసి కొట్టాడు. పగిలిన ముక్కల్ని బూటుతో తొక్కాడు. క్యాసెట్ టేపంతా బయటికి లాగి, పళ్లతో కొరికి తెంపాడు. నేను మూలకు జరిగి నిలబడ్డాను. నా మీదికి వస్తే కొట్టకూడదని మనసులో అనుకుంటూనే పిడికిలి బిగించాను. అతను రాలేదు. నేల మీద కూర్చుని, టేపు కుప్పలో ముఖం పెట్టుకుని, వంకరగా అతికిన ఆ చేతిని తన తలకేసి కొట్టుకున్నాడు. ఆపడానికి అతని మీద పడి పట్టుకోవాల్సి వచ్చింది.

మరుసటి ఏడు నేను ఇంటికి వెళ్లాను. మూడో రోజు నా భార్య చాప పరిచింది. అక్కను కూర్చోబెట్టింది. "మీ ఫోర్‌మను లెక్క అక్క కూసుంటది," అంది. "నువ్వు అక్కతోనే చెప్పాలె. నేను గూడ అక్కతోనే చెప్త." ఇంట్లోవాళ్లను బయటికి పంపలేదు, మా అమ్మ గడపలో కూర్చుంది. నేను చెప్పింది ఒక పావుగంటలో అయిపోయింది. నా భార్య చెప్పింది రెండు మధ్యాహ్నాలు పట్టింది. నేను మరిచిపోయిన ప్రతి దెబ్బ ఆమెకు గుర్తుంది. ఏ రోజు, ఏ చీర కట్టుకుని ఉంది, పొయ్యి మీద ఏముంది, అన్నీ. కట్టెతో కొట్టినప్పుడు తను నెల తప్పి ఉందని, ఆ కడుపు పోయిందని నాకు అప్పుడే తెలిసింది. మా అమ్మకు తెలుసు. గడపలో కూర్చుని ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుంది. నేను లేచి పారిపోవాలనుకున్నాను. అక్క తన వంగని చేతిని ఎత్తి, "కూసో," అంది.

నా భార్య ఆ రోజు నన్ను విడిచిపెట్టలేదు. "జూస్త," అంది, అంతే.

బావ ఇంకో ఎనిమిదేళ్లు బహ్రెయిన్‌లోనే ఉన్నాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా మా అమ్మ ఇంటి ముందు అరుగు మీద కూర్చునేవాడు. అక్క చాయ్ ఇచ్చేది, పిల్లల సంగతులు మాట్లాడేది. అతనితో వెళ్లలేదు. అతను మళ్లీ చేయెత్తాడని ఎవరూ చెప్పలేదు, ఎత్తడానికి అక్క అతనికి చోటే ఇవ్వలేదు. చివరి రోజుల్లో మంచంలో ఉన్నప్పుడు వెళ్లి చూసింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

నేను మారానని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంటుంది. పూర్తిగా ఇంటికి తిరిగొచ్చేశాక ఒకసారి, మా పెద్ద బిడ్డ పెళ్లి సంగతి మీద నా భార్యతో మాట పెరిగి, నా చేయి లేచింది. లేచిన చేతిని నేనే చూశాను, ఎవరిదో అన్నట్టు. బయటికి వెళ్లి బోరింగు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. లోపలికొచ్చి, లేచిందని నా భార్యకు చెప్పాను. "జూసిన," అంది. ఆమె చూడదని నేను ఎలా అనుకున్నానో.

విడిచిపెట్టాననే మాట ఆమె ఇంతవరకూ అనలేదు. చాలా ఏళ్లు ఏడాదికోసారైనా అడిగేవాణ్ణి. ఒకసారి పెసర్లు చెరుగుతూ, "నువ్వు అడుగుడు నీ కోసమేనాయె," అంది. అప్పటినుంచి అడగడం మానేశాను.